జాతర తిండిని అక్కడికక్కడే పరీక్షించండి, మంత్రి గారూ

రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

మాది నల్లగొండ జిల్లా. ఏటా ఇంటిల్లిపాదీ చెరువుగట్టు జాతరకు పోతాం. పోయినసారి మేం చికెన్ పకోడీ కొన్న బండి మీద కడాయిలో నూనె నల్లగా, జిగటగా ఉంది. తగ్గినప్పుడల్లా డబ్బాలోంచి కొత్తది పోస్తున్నారే గానీ పాతది పారబోసింది లేదు. చికెన్ పకోడీ రంగు మా పిల్లవాడి వేళ్లకు అంటి, సబ్బు పెట్టి రుద్దినా వదల్లేదు. తెల్లారేసరికి వాంతులు, విరేచనాలు. సెలైన్ ఎక్కించాక గానీ లేచి కూర్చోలేదు. ఫిర్యాదు చేద్దామంటే ఆ బండి ఎటు పోయిందో ఎవరికీ తెలియదు.

శాంపిల్ తీసి హైదరాబాద్ నాచారంలోని రాష్ట్ర ఆహార పరీక్షల ల్యాబ్‌కు పంపితే రిపోర్టుకు చట్టమే 14 రోజుల గడువిచ్చింది. హోటలుకైతే సరే, రిపోర్టు వచ్చేదాకా అది అక్కడే ఉంటుంది. జాతరలో, వారపు అంగడిలో ఆ పద్ధతితో ఏం లాభం?

చట్టంలో దారి లేక కాదు. 2006 ఆహార భద్రత చట్టం 38వ సెక్షన్ కింద, చెడిపోయి తినడానికి పనికిరాని సరుకును ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ స్వాధీనం చేసుకుని, అమ్మేవాళ్లకు రాతపూర్వకంగా నోటీసిచ్చి నాశనం చేయించవచ్చు. కాగిన నూనెలో పోలార్ కాంపౌండ్లు, అంటే నూనె పదే పదే కాగి చెడితే పుట్టే పదార్థాలు, 25 శాతం దాటితే వాడకూడదు. వాటిని కొలిచే మీటర్ నూనెలో ముంచితే ఆ అంకె నిలుచున్నచోటే తెలుస్తుంది.

2024 నవంబరులో మాగనూరు బడిలో మధ్యాహ్న భోజనం తిని పిల్లలు ఆస్పత్రి పాలైతే రాష్ట్రమంతా మాట్లాడింది. అందరూ ఒకే బడి పిల్లలు కాబట్టి లెక్క తేలింది. జాతరలో తిని పడ్డవాళ్లు ఊరికొకరుగా చెదిరిపోతారు. ఏ ఆర్‌ఎంపీ దగ్గరో సూది వేయించుకుంటారు. ఆ లెక్క మీ దాకా రాదు సార్.

బండ్లవాళ్ల పొట్ట కొట్టమని నేను అడగడం లేదు. వాళ్లూ మనలాంటి బీదవాళ్లే, అప్పు తెచ్చి సరుకు కొంటారు. అందుకే జాతరకు ముందురోజే వాళ్లను కూర్చోబెట్టి ఏ రంగు కలపకూడదో, నూనె ఎప్పుడు పారబోయాలో చెప్పించండి. జాతర జరిగినన్నాళ్లూ సంచార ల్యాబ్ బండి, ఒక ఆఫీసర్ అక్కడే ఉండాలి. రాత్రిపూట కూడా ఉండాలి, అమ్మకమంతా అప్పుడే. ఏ బండి మీద ఏం దొరికిందో, తప్పిపోయిన పిల్లల పేర్లు చదివే మైకులోనే చెప్పించండి.

కార్తీకంలో కురుమూర్తి జాతర ఉంది. అక్కడి నుంచే మొదలుపెట్టించమని కోరుతున్నాను.

ఇట్లు,
నల్లగొండ జిల్లా నుంచి ఒక తండ్రి