పిలకాయలకు ఎనర్జీ డ్రింకులు అమ్మకుండా ఉత్తర్వు ఇవ్వండి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నెల్లూరులో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పే అధ్యాపకుడిని. 18 ఏళ్లలోపు వాళ్లకు ఎనర్జీ డ్రింకులు అమ్మకుండా, బడులు, కాలేజీలు, హాస్టళ్ల చుట్టుపక్కల అవి దొరక్కుండా ఉత్తర్వు ఇవ్వమని అడగడానికి ఈ లేఖ రాస్తున్నాను.

మా ఊళ్లో కాలేజీల ఎదుట ఏ చిన్న బంకు కొట్టులో చూసినా ఈ డ్రింకుల 20 రూపాయల సీసాలు వరసగా ఉంటాయి. పరీక్షల రోజుల్లో హాస్టల్ పిలకాయలు రాత్రి చదువుకు ముందు ఒకటి తాగి, తెల్లవారుజామున లేచి ఇంకొకటి తాగుతారు. ఎండలో క్రికెట్ ఆడొచ్చి దాహానికి కూడా ఇదే. అడిగితే "గ్లూకోజు లాంటిదే కదా సార్" అంటారు. గుండె దడగా ఉందని, చేతులు వణుకుతున్నాయని నా దగ్గరికి వచ్చే పిల్లలకు కూడా దానికీ ఈ సీసాకూ సంబంధం ఉండొచ్చని తట్టదు. విడవలూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల మీద రాత్రి కాపలా ఉండేవాళ్లదీ ఇదే అలవాటు. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, ఆ వేళ నీళ్లకు గాలి అందించే ఏరియేటర్ యంత్రం ఆగితే పంట పోతుంది, కాబట్టి కన్ను మూయకూడదు. వాళ్ల కష్టం నాకు తెలుసు. పెద్దవాళ్లకు నిజం చెప్పి నిర్ణయం వాళ్లకే వదిలేయొచ్చు. పిల్లల్ని అలా వదిలేయలేం.

రక్తనాళాల పాఠం చెప్పేటప్పుడు నేను ఎక్కువసేపు ఆగేది లోపలి పొర దగ్గర. ఎండోథీలియం అనే ఆ పొర ఒకే ఒక్క కణం మందం ఉంటుంది. రక్తం జోరుగా పారినప్పుడు అది నైట్రిక్ ఆక్సైడ్‌ని విడుదల చేస్తుంది, దాంతో నాళం గోడలోని కండరం సడలి దారి వెడల్పవుతుంది. పరుగెత్తేటప్పుడు గుండెకూ కండరాలకూ చాలినంత రక్తం అందడానికి ఇదీ ఒక కారణం. ఆ పొర పని ఎలా ఉందో కొలవడానికి ఒక పద్ధతి ఉంది. చేతికి బీపీ పట్టీ బిగించి కాసేపు రక్తం ఆపి, ఒక్కసారిగా వదిలి, ధమని ఎంత విచ్చుకుందో అల్ట్రాసౌండ్‌తో చూస్తారు.

అమెరికాలోని హ్యూస్టన్‌లో పొగతాగే అలవాటు లేని, ఆరోగ్యంగా ఉన్న 44 మంది వైద్య విద్యార్థులకు ఈ పరీక్ష చేసి, ఫలితాలను 2018లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ సమావేశంలో వెల్లడించారు. సుమారు 700 మిల్లీలీటర్ల ఎనర్జీ డ్రింకు తాగకముందు వాళ్ల ధమని సగటున 5.1 శాతం విచ్చుకుంది. తాగిన గంటన్నరకు 2.8 శాతమే. అంతకుముందు 2015లో అమెరికాలోని మేయో క్లినిక్ ఆసుపత్రి వాళ్లు 25 మంది యువతీయువకులకు ఒకరోజు ఎనర్జీ డ్రింకు, ఇంకోరోజు అదే రుచితో, కాఫీలో ఉండే కెఫీన్ లాంటి ఉత్తేజకాలు లేని ఉత్తుత్తి పానీయం ఇచ్చి చూశారు. ఎనర్జీ డ్రింకు తాగిన రోజు పై బీపీ 6.2 శాతం పెరిగింది, రెండో రోజు 3.1 శాతమే. ఒత్తిడిలో పెరిగే నారెపినెఫ్రిన్ హార్మోను ఎనర్జీ డ్రింకుతో 74 శాతం, ఉత్తుత్తి దానితో 31 శాతం ఎక్కువైంది. రెండూ కలిపి చూస్తే, నాళం విచ్చుకోవడాన్ని తగ్గించే పానీయమే దాని మీద ఒత్తిడినీ పెంచుతోందన్నమాట.

ఇవి చిన్న పరిశోధనలే. ఒక సీసా తాగితే గుండెపోటు వస్తుందని ఇవి చెప్పవు, నేనూ చెప్పను. కానీ ఇరవైల్లో ఉన్న ఆరోగ్యవంతుల నాళాలే గంటన్నరలో ఇంత మారితే, రోజూ తాగే పదిహేనేళ్ల పిల్లాడి సంగతి మరింత రుజువయ్యేదాకా ఆగి చూద్దామనడం న్యాయం కాదు.

మన ఆహార భద్రతా ప్రమాణాల ప్రకారం ఈ పానీయాల్లో లీటరుకు 300 మిల్లీగ్రాముల దాకా కెఫీన్ ఉండొచ్చు. అంటే 250 మిల్లీలీటర్ల సీసాలో 75 మిల్లీగ్రాముల దాకా. పిల్లలు రోజుకు కిలో బరువుకు 3 మిల్లీగ్రాములు దాటకూడదని యూరప్ ఆహార భద్రతా సంస్థ లెక్క. 40 కిలోల ఆడపిల్ల రెండు సీసాలు తాగితే ఆ హద్దు దాటినట్టే. ఇది పిల్లలకు తగదని సీసా మీద రాయాలని మన నిబంధనే చెబుతోంది. కానీ లేబుల్ ఇంగ్లిషులోనో హిందీలోనో ఉంటే చట్టానికి చాలు. తెలుగు తప్ప చదవలేని తల్లికి ఆ హెచ్చరిక అందే దారేదండీ? పిల్లలకు తగదని రాయించి, అదే పిల్లాడు 20 రూపాయలు చాపితే చేతిలో పెట్టనిస్తున్నాం.

దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టంలో 30వ సెక్షన్ ప్రకారం, ప్రజారోగ్యం కోసం ఏ ఆహార పదార్థం అమ్మకాన్నైనా ఏడాది వరకు నిషేధించే అధికారం రాష్ట్ర ఆహార భద్రతా కమిషనర్‌కు ఉంది. మన రాష్ట్రంలో గుట్కాను ఆపింది ఈ సెక్షన్‌తోనే. పంజాబ్ ప్రభుత్వం 2025లో పిల్లలకు ఎనర్జీ డ్రింకుల అమ్మకంపై ఆంక్షలు పెట్టింది. లిథువేనియా 2014లో, పోలండ్ 2024 జనవరిలో 18 ఏళ్లలోపు వాళ్లకు అమ్మడం ఆపేశాయి. బడి గేటు నుంచి 50 మీటర్లలోపు కొవ్వు, చక్కెర, ఉప్పు ఎక్కువున్న తిండి అమ్మకూడదన్న 2020 నిబంధనలు మనకు ఉండనే ఉన్నాయి. మీ ఉత్తర్వులో జూనియర్ కాలేజీలు, ప్రైవేటు హాస్టళ్లు పేరుపెట్టి ఉండాలి. లేకపోతే అసలు అమ్మకం జరిగే చోటే తప్పించుకుపోతుంది. ప్రతి బంకులోనూ తెలుగులో, దూరం నుంచి కనపడే అక్షరాలతో హెచ్చరిక బోర్డు పెట్టించండి.

బంకు పెట్టుకుని బతికేవాళ్ల పొట్ట కొట్టమని నేను అడగడం లేదు. పొదలకూరు నిమ్మకాయల మార్కెట్ మన జిల్లాలోనే ఉంది. రేటు పడిపోయి రైతు దిగాలుపడే రోజుల్లో కూడా ఆ కాయలతో చేసిన నిమ్మకాయ సోడాకు మన బంకుల్లో చోటు తగ్గిపోతోంది. కంపెనీ ఇచ్చిన ఫ్రిజ్ నిండా ఆ కంపెనీ సీసాలే. ఆ ఫ్రిజ్‌లో మజ్జిగ, నిమ్మరసం పెట్టుకోవడానికి దుకాణదారుకు అడ్డు లేకుండా చూడటం కూడా ప్రభుత్వం చేయగలిగిన పనే.

వచ్చే విద్యా సంవత్సరం మొదలయ్యేలోపు ఉత్తర్వు ఇప్పించండి. వచ్చిన రోజే దాన్ని మా నోటీసు బోర్డులో అంటిస్తాను, మా కాలేజీ వీధిలో ఉన్న బంకులన్నింటికీ వెళ్లి నేనే చదివి వినిపిస్తాను.

భవదీయుడు,
ఒక జువాలజీ అధ్యాపకుడు,
నెల్లూరు