రక్షణ మంత్రి గారికి బహిరంగ లేఖ: ప్రతిదాడికి ముందు ఒక్క మాట

అయ్యా,

ఉగ్రదాడి వార్త విన్నప్పుడు అందరిలాగే నా రక్తమూ మరిగింది. కానీ ఆ కోపంలో సైన్యాన్ని పంపే ముందు, ఈ పోరు ఎక్కడ ఆగాలో తేల్చుకోండి. 2001 సెప్టెంబర్ 11 ఉగ్రదాడుల తర్వాత అమెరికా అఫ్గానిస్థాన్‌లో ఇరవై ఏళ్లు యుద్ధం చేసింది. 2021లో తాలిబన్లే మళ్లీ కాబూల్‌లో కూర్చున్నారు. ఆ దాడుల సూత్రధారి బిన్ లాడెన్ దొరికింది మాత్రం ఏళ్ల తరబడి సాగిన నిఘాతో, 2011లో, పాకిస్థాన్‌లోని అబోటాబాద్‌లో.

2008లో ముంబైలో, చేతిలో లాఠీ మాత్రమే ఉన్న పోలీసు తుకారాం ఓంబ్లే ఉగ్రవాది కసబ్ తుపాకీ గొట్టాన్ని ఒడిసిపట్టుకున్నారు. ఒంట్లో తూటాలు దిగుతున్నా వదల్లేదు. ఆయన ప్రాణమిచ్చి పట్టించబట్టే కుట్ర ఎక్కడ పుట్టిందో కోర్టులో రుజువైంది.

శిబిరం కచ్చితంగా ఎక్కడుందో తెలిస్తే కొట్టండి, నేను అడ్డు చెప్పను. తెలియకుండా, టీవీ చర్చల ఒత్తిడికి లొంగి బాంబులు వేయించకండి. ఆ బాంబులకు బలైన చెల్లెలి శవం మోసిన కుర్రాడికే రేపు ఉగ్ర ముఠాలు వల వేస్తాయి.

ఇట్లు,
ఒక పౌరురాలు