తెల్లకాగితం భూమికి ఏ చట్టం?

సంపాదకులు గారికి నమస్కారం.

సోషలిస్టు దేశాల్లో చట్టం రాజ్యం నుంచే పుడుతుంది కాబట్టి దేశమంతటికీ ఒకే చట్టం తేవడం సులువని ఈ మధ్య మీ పేజీలో ఒకాయన రాశారు. చదివి ఊరుకోలేకపోయాను. సోవియట్ రాజ్యాంగం 1936లో సివిల్, క్రిమినల్ కోడ్‌లు (ఒక్కో రంగం చట్టాన్ని ఒకచోట కూర్చిన గ్రంథాలు) దేశమంతటికీ ఒక్కటే ఉంటాయని రాసుకుంది, ఇరవై ఏళ్లు గడిచినా అవి రాలేదు, చివరికి 1957లో ఆ పని రిపబ్లిక్కులకే (మన రాష్ట్రాల్లాంటివి) తిరిగి అప్పజెప్పి మాస్కో మౌలిక సూత్రాలతో సరిపెట్టుకుంది. సివిల్ సూత్రాలు 1961లో వస్తే రష్యా తన కోడ్‌ను 1964లో రాసుకుంది, మిగతావాళ్లు ఎవరిది వాళ్లు. కోర్టు తీర్పు చట్టం కాదని అక్కడ గట్టిగా చెప్పేవాళ్లు, కానీ సుప్రీంకోర్టు ప్లీనం (జడ్జీల పూర్తి సమావేశం) ఇచ్చే 'మార్గదర్శక వివరణ'ను కింది కోర్టు ఏదీ దాటేది కాదు. నన్నడిగితే కోడ్‌లు చేయలేని పని సగం ఆ వివరణలే చేశాయి. చైనాకు పూర్తి సివిల్ కోడ్ 2021 జనవరి 1న గానీ అమల్లోకి రాలేదు. అందులోనూ చట్టం లేని చోట ఆచారం చూడొచ్చని పదో ఆర్టికల్ చెప్తుంది.

అంత దూరం ఎందుకు, 57 ఏళ్లు ఒకే రాష్ట్రంగా ఉన్నాం కదా, కౌలు చట్టాలు మాత్రం రెండు, మనకు 1950ది, ఆంధ్రకు 1956ది.

ఊరి ఆచారం ఒకటి, ఆఫీసు చట్టం ఒకటి అనడానికి ఇక మా ఇంటి ముచ్చట. మా నాన్న దేవరకొండ దగ్గర రెండెకరాల చెలక సాదాబైనామా (రిజిస్ట్రేషన్ లేకుండా తెల్లకాగితం మీద రాసుకున్న అమ్మకపత్రం) మీద కొన్నాడు. అమ్మినాయన వేలిముద్ర, ఇద్దరు పెద్దమనుషుల సంతకాలు, ఒక రెవెన్యూ స్టాంపు, అంతే. మడతల దగ్గర చిరిగితే అమ్మ దానికి వెనక నుంచి అన్నం మెతుకులతో కాగితం అంటించింది. ఊళ్లో ఆ కాగితానికి ఎదురులేదు, కందులు మేమే కోసుకుంటున్నాం. పాసుబుక్కు మాత్రం అమ్మినాయన కొడుకు పేరు మీద వచ్చింది, రైతుబంధు కూడా అతనికే పడ్డది (పాపం, మొదటి విడత తెచ్చి మాకిచ్చాడు, తర్వాత మానేశాడు). ఆ కాగితాన్ని రెగ్యులరైజ్ చేయమని 2020లో దరఖాస్తు పెట్టాం. 2025 భూభారతి చట్టంలో దారి ఉందంటే మళ్లీ ఆఫీసుకు పోయాను, ఒరిజినల్ తెమ్మన్నారు. చూపిస్తే, అక్షరాలు కనిపించడం లేదు, అతుకు తీసి తెమ్మంటున్నారు.

- ఒక పాఠకుడు, దేవరకొండ, నల్లగొండ జిల్లా