తప్పు నాజిల్, అంతకన్నా తప్పు సలహా: మేపుల్ ఆయిల్ బర్నర్ మీద ఫిర్యాదు

వెర్మాంట్,
24 మార్చి 2025

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: 2 అడుగులు × 4 అడుగుల మేపుల్ ఎవాపరేటర్‌తో (మేపుల్ సిరప్ కాచే పొయ్యి, పెనం) పాటు పంపిన ఆయిల్ బర్నర్‌లో తప్పు నాజిల్ (ఆయిల్‌ను చిమ్మే ముక్క) ఉండటం, మీ హెల్ప్‌లైన్ ప్రమాదకరమైన సలహా ఇవ్వడం గురించి.

అయ్యా,

జనవరిలో ఈ ఎవాపరేటర్ గురించి నేను ఫోన్ చేసినప్పుడు మీరే అరగంట సేపు తెలుగులో ఓపిగ్గా మాట్లాడారు. ఆ నమ్మకంతోనే డబ్బు కట్టాను. ఈ నెలలో మీ ఆఫీసుకు ఇంగ్లీషులో మూడు ఈమెయిళ్ళు పెడితే మూడింటికీ రెండేసి లైన్ల జవాబు వచ్చింది. చివరిదాంట్లో 'కేసు క్లోజ్ చేశాం' అన్నారు. అందుకే జరిగినదంతా మీకే తెలుగులో రాస్తున్నాను. దయచేసి చివరిదాకా చదవండి.

మాది చాలా చిన్న పని. ఇంటి వెనక ఉన్న షుగర్ మేపుల్ చెట్ల నుంచి కారే తియ్యటి నీళ్ళు (సాప్) పట్టడానికి 40 ట్యాపులు వేస్తాం. దాన్ని కాస్తే వచ్చే సిరప్ ఇంటికీ, తెలిసినవాళ్ళకీ సరిపోతుంది. ఐదేళ్ళు కట్టెల పొయ్యి మీదే కాచాను. ఆఫీసు పని ముగించుకుని, రాత్రిళ్ళు మంచులో కట్టెలు మోస్తూ, పది నిమిషాలకోసారి పొయ్యి తలుపు తీసి ఎగదోస్తూ ఉంటే నడుము పట్టేసింది. ఇంట్లో హీటింగ్‌కు ఎలాగూ ఆయిలే వాడతాం. స్విచ్ వేస్తే అంటుకుని, తెల్లారేదాకా ఒకే తీరున మండే మంట దొరికితే ఈ పని ఇంకో పదేళ్ళు చేసుకోవచ్చనిపించింది. సాప్ మనకోసం ఆగదు కదా. రాత్రి గడ్డకట్టే చలి, పగలు కాస్త వెచ్చదనం ఉన్న రోజుల్లోనే కారుతుంది. పట్టినదాన్ని ఒకటి రెండు రోజుల్లో కాచెయ్యకపోతే పాడైపోతుంది. ఏడాది మొత్తంలో మాకు దొరికేది నాలుగైదు వారాలే.

రెండు శాతం తీపి ఉన్న సాప్ అయితే గాలన్ సిరప్‌కు 43 గాలన్లు కావాలి. మిగతా 42 గాలన్లూ ఆవిరైపోవాల్సిందే. మా నాన్నగారు అనకాపల్లి దగ్గర ఏళ్ళ తరబడి బెల్లం వండిన మనిషి. ఈ చలికాలం మా దగ్గరకు వచ్చారు. చెరకు రసంతో పోలిస్తే ఇది ఉత్త నీళ్ళేనని మొదటిరోజు చాలా ఆశ్చర్యపోయారు. ఇంత నీటిని మరిగించాలంటే పొయ్యి, బర్నర్, పెనం మూడూ ఒకదానికొకటి కుదరాలి. మీ మాన్యువల్ నాలుగో పేజీలో ఆ లెక్క బాగానే ఇచ్చారు: ఈ పెనం గంటకు 10 గాలన్ల నీటిని ఆవిరి చేస్తుంది, దానికి గంటకు 1.00 గాలన్ ఆయిల్‌ను 80 డిగ్రీల కోణంలో చిమ్మే నాజిల్ సరిపోతుంది అని. గాలన్ ఆయిల్‌లో సుమారు 1,38,500 బీటీయూల వేడి ఉంటుంది. పొగగొట్టం గుండా పోయేది తీసేసి చూసినా ఆ లెక్క సరిగ్గానే ఉంది. కానీ మీరు పంపిన బర్నర్‌లో ఉన్నది ఆ నాజిల్ కాదు.

మార్చి 8, శనివారం మొదటిసారి వెలిగించాం. పది నిమిషాలు తిరగకుండానే గొట్టం నుంచి నల్లటి పొగ మొదలైంది. గాలి షట్టర్ పూర్తిగా తెరిచినా తగ్గలేదు. నాన్నగారు బయట నిలబడి పొగనే చూస్తూ, "అమ్మా, పొగ ఇంత నల్లగా వస్తోందంటే పొయ్యికి గాలి ఆడట్లేదు. లేదంటే మేత ఎక్కువైంది," అన్నారు. నాజిల్ సంగతి ఆయనకేం తెలుసు! అయినా మీ టెక్నికల్ విభాగం వారం రోజుల్లో పట్టుకోలేనిది ఆయన ఒక్క చూపులో పట్టుకున్నారు. ఆ రోజు ఎనిమిది గంటలకు 16 గాలన్ల ఆయిల్ అయిపోయింది. మీ మాన్యువల్ ప్రకారం ఎనిమిదే అవ్వాలి. ఈ రెండు అంకెలూ మొదటి ఈమెయిల్‌లోనే రాశాను. ఆయిల్ క్వాలిటీ బాగోలేదేమో చూసుకోమన్నారు. అదే ఆయిల్‌తో, అదే ట్యాంకు నుంచి మా ఇంటి ఫర్నేస్ చలికాలమంతా పొగ లేకుండా నడిచింది.

అసలు ప్రమాదం మార్చి 15న జరిగింది. ఆ రోజు ట్యాంకులో 110 గాలన్ల సాప్ ఉంది. పొద్దున ఆరింటికి మొదలుపెట్టాం. మంట ఎర్రగా, పొడుగ్గా వెళ్ళి వెనక గోడకు కొట్టుకుని, పైకి తిరిగి పెనం అడుగును అంటుకుంటోంది. పెనం అడుగు మరిగే నీటి కంటే పెద్దగా వేడెక్కదు కాబట్టి, దాన్ని తాకిన మంట పూర్తిగా కాలక మసి పెడుతుంది. ఆ మసి దట్టంగా పేరుకునేకొద్దీ పెనానికి వేడి అందదు. సాయంత్రానికి మరుగుడు బాగా మందగించింది. రాత్రి ఎనిమిదిన్నరకు బర్నర్ తనంతట తానే ఆగిపోయింది. అప్పటికి పెనంలో ఎనిమిది గాలన్ల దాకా మిగిలింది. రంగు తిరిగి, కమ్మటి వాసన వస్తోంది.

వెంటనే మీ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేశాను. ఆ అబ్బాయి చెప్పింది ఒక్కటే: రీసెట్ నొక్కండి. నొక్కాను, అంటుకోలేదు. మళ్ళీ నొక్కమన్నాడు. మూడోసారి తర్వాత కంట్రోల్ బాక్స్ పూర్తిగా లాక్ అయింది. అప్పుడు, "బటన్‌ను ఎక్కువసేపు నొక్కి పట్టుకోండి, ఆ లాక్ పోతుంది, మళ్ళీ ట్రై చేయండి," అన్నాడు. లాక్ తీసి మరో రెండుసార్లు నొక్కించాడు.

ఆ లాక్ ఎందుకు పెట్టారో అతనికి ఎవరూ నేర్పినట్టు లేదు. బర్నర్ లోపల మంటను చూసే క్యాడ్ సెల్ ఉంటుంది. దానికి మంట కనపడకపోతే కొన్ని సెకన్లలో బర్నర్‌ను ఆపేస్తుంది. మా దాంట్లో ఆ సెల్ మసి పట్టి మూసుకుపోయింది. రీసెట్ నొక్కినా అంటుకోని ప్రతిసారీ కాలని ఆయిల్ పొయ్యిలోకి చిమ్ముతుంది. మా బర్నర్ చిమ్మే లెక్కలో అది నిమిషానికి ఒక టీ గ్లాసుడు. పొయ్యి లోపలి గోడలు ఇంకా బాగా వేడిగా ఉన్నాయి కాబట్టి పడ్డ ఆయిల్ పడ్డట్టే ఆవిరై నిండిపోయింది. మూడుసార్లకు లాక్ అయ్యేది ఇంకా నొక్కకుండా ఆపడానికే. దాన్ని తీసే పద్ధతి సర్వీస్ టెక్నీషియన్ల కోసం. అది కూడా పొయ్యి తెరిచి, లోపల ఆయిల్ లేదని చూసుకున్నాకే తీయాలి.

ఐదోసారి అంటుకుంది. ధడేల్‌మని ఒక్క చప్పుడు. పొయ్యి ముందున్న మూత ఊడి నా కాళ్ళ దగ్గర పడింది. పొగగొట్టం జాయింట్ విడిపోయి షెడ్డంతా మసి కురిసింది. నాన్నగారు జల్లిగరిటెతో నురుగు తీస్తూ పెనానికి మూడడుగుల దూరంలో ఉన్నారు. ఆయనకు 74 ఏళ్ళు. మొహమంతా నల్లబడిపోయింది, కళ్ళు తెరవలేకపోయారు. కార్బన్ మోనాక్సైడ్ అలారం మోగుతుంటే చెయ్యి పట్టుకుని మంచులోకి లాక్కొచ్చాను. దేవుడి దయవల్ల కళ్ళకేమీ కాలేదు. కానీ ఆ రాత్రి టెన్షన్‌తో నాకు నిద్ర పట్టలేదు. ఆయన మాత్రం పెనంలో తేలుతున్న మసిని తలుచుకుని, "పాకం దాకా వచ్చిందమ్మా," అని పదే పదే బాధపడ్డారు. రెండున్నర గాలన్ల సిరప్ అయ్యేది. మొత్తం పారబోశాం.

సోమవారం మా ఊరి ఆయిల్ ఫర్నేస్ మెకానిక్‌ను పిలిచాను. అన్నీ శుభ్రం చేసి, కొద్దిసేపు వెలిగించి, పొగ పరీక్ష చేశాడు. కాగితం మీద మచ్చ తొమ్మిదో నంబరు, అంటే ఆ స్కేలులో అన్నిటికన్నా నలుపు. తర్వాత నాజిల్ విప్పి నా చేతిలో పెట్టాడు. దాని పక్కన పట్టిన మసిని గోటితో గీకితే చెక్కిన అంకెలు బయటపడ్డాయి: 2.00, 60 డిగ్రీలు. ఉండాల్సినదానికి సరిగ్గా రెట్టింపు ఆయిల్. పైగా పొట్టిగా, విశాలంగా విచ్చుకోవాల్సిన మంట బదులు సన్నగా, పొడుగ్గా పోయే మంట. 1.00, 80 డిగ్రీల నాజిల్ వేసి, గాలి, ఎలక్ట్రోడ్లు సరిచేశాడు. అప్పటినుంచి మంట పసుపుపచ్చగా పొయ్యి మధ్యలోనే నిలుస్తోంది. పొగ లేదు. గంటకు ఆయిల్ గాలనే అవుతోంది, పెనం మీ మాన్యువల్‌లో ఉన్నట్టే మరుగుతోంది. మీ ఎవాపరేటర్ మంచిదే. నాకు అందుకే మరింత కోపంగా ఉంది. పది డాలర్లు కూడా చెయ్యని ఇత్తడి ముక్కను ప్యాకింగ్ ముందు ఒక్కసారి చూసుంటే ఇదేమీ జరిగేది కాదు.

ఇక నేను అడిగేవి. మెకానిక్ బిల్లు 185 డాలర్లు, వృథా అయిన ఆయిల్ ఖర్చు, విడిపోయిన గొట్టం, ఊడిన మూత, కొత్త క్యాడ్ సెల్ మీరు భరించాలి. పోయిన సిరప్‌కు నేను డబ్బు అడగను.

అంతకంటే ముఖ్యం, ఈ సీజన్‌లో ఇదే మోడల్ కొన్న ప్రతి ఒక్కరికీ ఈ వారమే ఫోన్ చేసి, నాజిల్ మీద అంకెలు చూసుకోమని చెప్పండి. ఈమెయిల్ పెట్టి ఊరుకోవద్దు. సాప్ కారే రోజుల్లో ఎవరూ ఈమెయిళ్ళు చూడరు. రీసెట్ ఒకసారికి మించి నొక్కకూడదనీ, లాక్ పడితే పొయ్యి తెరిచి చూడకుండా తీయకూడదనీ మీ హెల్ప్‌లైన్ వాళ్ళందరికీ రాతపూర్వకంగా చెప్పండి. అదే మాట బర్నర్ మీద, బటన్ పక్కనే అంటించండి. ఫోన్ ఎత్తిన అబ్బాయి మీద నాకు కోపం లేదు. అతని ఉద్యోగానికి ఏమీ చెయ్యకండి. అతనికి ఏది చెప్పి కూర్చోబెట్టారో అదే నాకు చెప్పాడు.

నాజిల్ ఫోటోలు, పొగ పరీక్ష కాగితం, బిల్లు, ఆ రాత్రి ఫోన్ కాల్ సమయం జత చేస్తున్నాను. అసలు నాజిల్ నా దగ్గరే ఉంటుంది. ఏప్రిల్ 7 లోగా మీ నుంచి రాతపూర్వకంగా జవాబు రాకపోతే వెర్మాంట్ అటార్నీ జనరల్ ఆఫీసులోని వినియోగదారుల సహాయ విభాగానికి ఇవే కాగితాలు పంపిస్తాను. ఫోన్‌లో మాట్లాడాలనుకుంటే సాయంత్రం ఆరు తర్వాత చేయండి. ఈ రెండు వారాలూ ఆ వేళకు పెనం దగ్గరే ఉంటాను.

ఇట్లు,
వెర్మాంట్ నుంచి మీ కస్టమర్