ఊదా క్యారెట్‌కి వేరే గిన్నె

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం అందింది. సంగతులన్నీ తీరిగ్గా రెండుసార్లు చదివాను. అంతా బాగానే ఉంది కానీ చివర్లో "ఆ ఫొటోలో రంగురంగుల క్యారెట్లు నిజంగా నీ పెరట్లోవేనా, కొనుక్కొచ్చి మట్టి పూశావా?" అని రాశావు చూడు, అక్కడ ఒళ్లు మండింది. నావేరా! కావాలంటే నా గోళ్లు చూడు, ఆ మట్టి ఇంకా వదల్లేదు.

అయితే నీ అనుమానంలో తప్పేం లేదులే. మొదటేడు నేను పండించినవి చూస్తే నువ్వు క్యారెట్లని గుర్తుపట్టేవాడివే కాదు. బలం కోసమని మడిలో పచ్చి పేడ దండిగా కలిపాను. గులకరాళ్లు కూడా ఏరలేదు. తీరా పీకితే ఒక్కోదానికి రెండు కాళ్లు, మూడు కాళ్లు. ఒకటైతే ప్యాంటు తొడుక్కుని కాలు మీద కాలేసుకున్నట్టు వచ్చింది. ఆకు మాత్రం మోకాలెత్తు! క్యారెట్ వేరుకి అడ్డం తగలకూడదు. రాయి తగిలినా, మగ్గని ఎరువు తగిలినా చీలిపోతుంది. అందుకే నారు పోసి నాటకూడదు కూడా, పీకి నాటితే వేరు వంకర పోతుంది. నేరుగా మడిలోనే చల్లాలి. ఇప్పుడు జానెడున్నర లోతు తవ్వి, రాళ్లు ఏరి, బాగా చివికిన ఎరువు, కొంచెం ఇసుక కలుపుతున్నాను. నీకు పెరడు లేకపోయినా పర్లేదు, లోతైన కుండీ చాలు.

అసలు టెన్షన్ అంతా మొలకల దగ్గరే. విత్తనం ఎంత చిన్నదంటే గ్రాముకి 600 నుంచి 1,000 దాకా తూగుతాయి. అర సెంటీమీటరు మట్టి కప్పితే చాలు. కానీ పైమట్టి ఒక్కపూట ఎండిందా, పని అయిపోయినట్టే. పైగా మొలకెత్తడానికి వారం పట్టొచ్చు, మూడు వారాలూ పట్టొచ్చు. పన్నెండో రోజున ఓపిక చచ్చి వేలితో తవ్వి చూశాను. అప్పుడే తెల్లగా తోక వేస్తున్నదాన్ని నా చేత్తోనే చంపుకున్నాను. ఆ తర్వాత తడి గోనెపట్టా కప్పే ఉపాయం పట్టుకున్నాను. రోజూ పొద్దున ఎత్తి చూడాలి, మొలక కనపడగానే తీసెయ్యాలి. ఒకసారి రెండు రోజులు మర్చిపోయాను, పాపం పాలిపోయి దారాల్లా సాగాయి.

ఇక పలచన చెయ్యడం. నీ మనసు సంగతి నాకు తెలుసు కాబట్టి ముందే చెప్తున్నా, జాలిపడకు. మొక్కకీ మొక్కకీ 5 సెంటీమీటర్లు ఎడం ఉండేలా మిగిలినవి పీకెయ్యి. నేను పీకలేక వదిలేస్తే రెండు దుంపలు తాడు పేనినట్టు చుట్టుకుపోయాయి. దుంప భుజం మట్టిపైకి తేలితే కాస్త మట్టి ఎగదొయ్యి. ఎండ తగిలితే అక్కడ ఆకుపచ్చగా మారి చేదెక్కుతుంది. నీళ్లు రోజులతరబడి మానేసి ఒక్కసారి కుమ్మరిస్తే పగులుతాయి.

రకాన్ని బట్టి 70 నుంచి 90 రోజులకి పీకొచ్చు. కానీ చలి ముదిరేదాకా ఆగరా. ఈసారి చలికి ముందొకటి, మూడు వారాల చలిరాత్రుల తర్వాత ఒకటి పీకి పక్కపక్కన కొరికి చూశాను. రెండూ ఒకే పొట్లంలో విత్తనాలంటే నమ్మలేం! చలి పెరిగేకొద్దీ మొక్క తనలో చక్కెర పెంచుకుంటుంది, అది దాన్ని గడ్డకట్టకుండా కాపాడుతుంది. మనకేమో తీపి. ఒక్కటే చిక్కు. కొన్ని ఊదా రకాలు చలి తగలగానే దుంప ఊరకముందే పువ్వుకాడ వేసేస్తాయి. నావి రెండు అలాగే పోయాయి, దుంప కోస్తే లోపల కట్టె.

పక్కింటాయన చూసి "ఇవన్నీ ఈమధ్య ల్యాబుల్లో రంగులు ఎక్కించినవి" అని తేల్చేశాడు. తిరగేసి చెప్పాడు! మధ్య ఆసియాలో వెయ్యేళ్ల కిందట సాగులోకి వచ్చినవే ఊదా, పసుపు క్యారెట్లు. మనం మామూలు క్యారెట్ అనుకునే నారింజ రంగుదే తర్వాత ఐరోపాలో స్థిరపడింది. చెప్పాను. వినలేదు. మర్నాడు నాలుగు దుంపలు పంపితే మాత్రం మాట్లాడకుండా తీసుకున్నాడు.

సరే, నువ్వు రాసినదాంట్లో నన్ను నిజంగా భయపెట్టిన ముక్క ఇది: "పండగానే అన్ని రంగులూ కలిపి ఒక పెద్ద గిన్నెడు సూప్ చేస్తా." ఒరేయ్, వద్దురా! నేను చేశాను. అయిదు రంగులూ అందంగా కోసి, ఫొటో తీసుకుని, నీళ్లలో వేసి ఉడికించాను. ఇరవై నిమిషాల్లో గిన్నెలో పలక కడిగిన నీళ్లు! తెల్లవీ పసుపువీ అన్నీ ఒకే బురద రంగు. రుచి బాగానే ఉంది కానీ పిల్లలు చెంచా ముంచలేదు.

దోషమంతా ఊదాదే. దాని రంగు ఆంథోసయనిన్, నీళ్లలో కరిగిపోతుంది. నారింజకి రంగిచ్చే కెరోటిన్, ఎరుపుకి రంగిచ్చే లైకోపీన్ అలా కావు. అవి నీళ్లకి లొంగవు, నూనెలో కరుగుతాయి. కాబట్టి ఊదావాటికి వేరే గిన్నె, లేదంటే అసలు ఉడికించకు. పల్చగా చక్రాల్లా తరిగి పచ్చిగానే పైన చల్లుకో. నా దగ్గరున్న కాస్మిక్ పర్పుల్ రకానికి తొక్క ఊదా, లోపల నారింజ. అడ్డంగా కోస్తే చూడాలి! తొక్క చెక్కావంటే ఆ సంబరమంతా చెత్తబుట్టలోకి పోతుంది, కడిగి రుద్దితే చాలు. నిమ్మరసం పిండితే ఊదా కాస్తా గులాబీ ఎరుపుకి తిరుగుతుంది. వంటసోడా పొరపాటున కూడా వెయ్యకు, నీలానికి తిరిగి తినబుద్ధి కాదు. అన్నట్టు చెక్కపీట మీద కొయ్యకు, మరక పోక నేను ఇంట్లో వారం రోజులు మాటలు పడ్డాను.

ఎర్రవాటిని మటుకు పచ్చిగా తిని వృథా చెయ్యకు. నూనె, ఉప్పు, మిరియాల పొడి పట్టించి, ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర అంచులు మాడీ మాడకుండా ఉండేదాకా కాల్చు. రంగు ఇంకా చిక్కబడుతుంది. ఓవెన్ లేకపోతే మందపాటి బాణలిలో సన్నమంట మీద మగ్గించు, మూత తియ్యడానికి తొందరపడకు. పసుపువి నెమ్మదైన రుచి, దేంట్లోనైనా కలిసిపోతాయి. తెల్లవి, నిజం చెప్పాలంటే, నాకు అంతగా ఎక్కలేదు. నీ సూప్ సరదా తెల్లవీ పసుపువీ కలిపి తీర్చుకో.

పీకిన వెంటనే ఆకులు కోసెయ్యి, లేకపోతే దుంపలోని తడంతా లాగేస్తాయి. లేత ఆకుని వెల్లుల్లి, నూనె, గుప్పెడు గింజలు వేసి నూరుకోవచ్చు, కాస్త చిరుచేదుగా బాగుంటుంది. ఫ్రిజ్‌లో ఆపిల్ పళ్ల పక్కన మాత్రం పెట్టకు. వాటి నుంచి వచ్చే ఎథిలీన్ వాయువుకి క్యారెట్ చేదెక్కుతుంది.

విత్తనాలు ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను, అయిదు పొట్లాలు. ఈ ఏడాదివే, దాచుకుని కూర్చోకు, పాతబడితే మొలకశాతం పడిపోతుంది. ఒక చిన్న పొరపాటు జరిగింది. అంటించేశాక గుర్తొచ్చింది, పొట్లాల మీద రంగులు రాయలేదు. విత్తనాలన్నీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. నా మడిలో ఊదావాటికి ఆకుకాడ మొదట్లో కొంచెం ఊదా చాయ కనపడేది, అది చూసి గుర్తుపట్టు. మిగతా నాలుగూ పీకినప్పుడే తెలుస్తాయి. నన్ను తిడుతూ ఉత్తరం రాసేటప్పుడు ఏ పొట్లంలో ఏది వచ్చిందో అది కూడా రాయి.

నీ,
వాసు