గ్రాఫులు రావంటున్నారు, ఎప్పుడైనా అడిగారా?

సంపాదకులకు నమస్కారం.

డిగ్రీ ఎకనామిక్స్ పిల్లలకు శాతాలు కట్టడం కూడా రావడం లేదని, గ్రాఫు గీయమంటే తెల్లమొహం వేస్తున్నారని అధ్యాపకులు వాపోయిన వార్త పోయిన వారం మీ జిల్లా పేజీలో చదివాను. ఎవరైనా జవాబిస్తారేమో అని ఆగాను. బరంపురంలో ఇంతమంది చదువుకున్నవాళ్లం ఉన్నాం, ఒక్కరూ కలం కదపలేదు.

పిల్లలకు రాని మాట నిజమే. వస్తుందో రాదో తేల్చే ప్రశ్న మనం ఎప్పుడు వేశాం? 'డిమాండు సూత్రాన్ని పటం సహాయంతో వివరించుము' అని ఏళ్ల తరబడి అదే పాట. పిల్లలు దాన్ని ముగ్గు నేర్చుకున్నట్టు నేర్చుకుంటారు. ఎడమ నుంచి కుడికి దిగే గీత గీసి, రెండు కొసలా 'డి' అని రాస్తే మార్కులు పడిపోతాయి. ఏ అక్షం మీద ఏముందో రాయకపోయినా దిద్దేవారికి పట్టింపు లేదు.

అదే కుర్రాడికి చిన్న లెక్క ఇచ్చి చూడండి. వందలోంచి ధరకు రెట్టింపు తీసేస్తే డిమాండు పరిమాణం వస్తుందనుకుందాం. ధర 25 అయితే పరిమాణం 50, వ్యాకోచత్వం (ధర ఒక శాతం మారితే పరిమాణం ఎంత శాతం మారుతుందనే కొలత) సరిగ్గా 1. ధర 40 అయితే పరిమాణం 20, వ్యాకోచత్వం 4. గీత తిన్నగానే ఉంది, వాలు మారలేదు, మరి వ్యాకోచత్వం ఎందుకు మారింది? పెద్ద బజారులో టమాటా ధర పెరిగితే రేఖే పక్కకు జరుగుతుందా, మనం రేఖ మీద పైకి వెళతామా? ఇలాంటివి రెండు అడిగితే ఎవరికి ఏం వచ్చో అరగంటలో తెలిసిపోతుంది. పైగా 1890లో ఆర్థికవేత్త మార్షల్ ధరను నిలువు అక్షం మీద పెట్టాడు, మనమూ అలాగే పెడుతున్నాం. లెక్కల క్లాసులో మాత్రం దేన్నిబట్టి మారుతుందో అది అడ్డంగా, మారేది నిలువుగా ఉంటుంది. ఈ తేడా చెప్పకుండా పిల్లల్ని మొద్దులంటే ఎలా?

ప్లస్ టూ ఆర్ట్స్‌లో లెక్కలు తీసుకోకుండానే ఎకనామిక్స్ చదవొచ్చు. ప్లస్ త్రీ, అంటే డిగ్రీ ఆనర్స్‌కు రాగానే డిఫరెన్షియేషన్, మాట్రిసెస్ నెత్తిన పడతాయి. మధ్యలో మెట్టు ఎవరు కట్టాలి? ఇక ఒడిశాలో మన తెలుగు బడుల సంగతి అడక్కండి. లెక్కల మాస్టారు రిటైరైతే ఆ కుర్చీ ఖాళీగానే ఉంటుంది. పర్లాకిమిడి అయినా రాయగడ అయినా ఇదే వరస. వినతిపత్రం ఇస్తే నాయకులు పుచ్చుకుంటారు, ఫొటో దిగుతారు, అంతే. ఎన్నికలప్పుడు మాత్రం మన తెలుగు ఎంత తియ్యగా ఉంటుందో వాళ్లే చెబుతారు.

కాలేజీలో చేరిన మొదటి వారంలోనే మార్కులు లేని చిన్న పరీక్ష పెట్టండి. శాతాలు, వాలు, పట్టిక చూసి గ్రాఫు గీయడం, గీసినదాన్ని చదవడం, ఇవి చాలు. రానివారికి ఒక నెల విడిగా క్లాసులు చెప్పండి. ఏడాది చివరి పేపర్లో కూడా కంఠస్థం చేసిన పటం కాకుండా కొత్త పట్టిక ఇవ్వండి. హాల్లో గ్రాఫు కాగితం ఇవ్వాలంటే ఖర్చని అప్పుడే ఎవరో అంటారు. అధికారులు తనిఖీకి వచ్చినప్పుడు గేటుకు కట్టే ఫ్లెక్సీ డబ్బుతో ఎన్ని కాగితాలు వస్తాయో ఆ లెక్క ముందు వాళ్లనే వేయమనండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఎకనామిక్స్ అధ్యాపకుడు,
బరంపురం, గంజాం జిల్లా