మ్యాన్‌హోళ్లు పొంగకుండా చేసిన వాళ్లందరికీ మా కాలనీ కృతజ్ఞతలు

ఈ వానాకాలం మా లేఅవుట్‌లో దిగువ గల్లీల మ్యాన్‌హోళ్లు పొంగలేదు. అందుకు కారణమైన వాళ్లకు గ్రూపులో ఒక దండం బొమ్మ పెట్టి ఊరుకుంటే బాగుండదు. వాళ్లు చేసిన పనేమిటో విడమరచి చెప్పడమే వాళ్లకు తగిన మర్యాద అని కమిటీ అనుకుంది. హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు చుట్టూ లేచిన కొత్త కాలనీల్లో చాలావాటికి ఇదే బాధ కాబట్టి అక్కడివాళ్లకూ పనికొస్తుంది.

మొదటి నమస్కారం రిటైర్డ్ ఇంజినీరు సారుకు. పేరు రాయొద్దన్నారు, రాయడం లేదు. మురుగు పొంగితే ఎవరైనా లైన్ జామైందనే అంటారు, జెట్టింగ్ కొట్టిస్తారు, అంటే గట్టి ఒత్తిడితో నీళ్లు చిమ్మించి లైను కడిగిస్తారు. కొట్టించాక కొద్ది రోజులకే మళ్లీ అదే రెండు చాంబర్ల (మ్యాన్‌హోళ్ల) మధ్య పొంగుతుంటే అది జామ్ కాదు, వాలు తప్పని తేల్చింది ఆయనే. లెక్క కూడా ఆయనే చెప్పారు. 4 అంగుళాల పైపు 57 అడుగులకు ఒక అడుగు దిగాలి. 6 అంగుళాలది 100కి ఒకటి, 8 అంగుళాలది 145కి ఒకటి. అంటే ఇంటి నుంచి వచ్చే 6 అంగుళాల లైను మీటరుకు 1 సెంటీమీటరు దిగాలి. గల్లీలోని 8 అంగుళాల లైను, 30 మీటర్ల దూరంలో ఉన్న రెండు మ్యాన్‌హోళ్ల మధ్య దాదాపు 21 సెంటీమీటర్లు దిగాలి. నీళ్లు సెకనుకు కనీసం 0.6 మీటర్ల వేగంతో పారితేనే ఇసుక, మలం కొట్టుకుపోతాయి. వాలు తగ్గితే ఆ వేగం రాదు, మడ్డి అడుగున పేరుకుంటుంది. అప్పుడు ఎన్నిసార్లు జెట్టింగ్ కొట్టినా డబ్బు దండగే.

కొలవడానికి డంపీ లెవెల్ (ఎత్తుపల్లాలు కొలిచే సర్వే పరికరం) ఉంటే మంచిదే. లేకపోయినా మేస్త్రీల దగ్గరుండే లెవెల్ పైపు చాలు. 35 మీటర్ల పారదర్శక గొట్టంలో ఒక్క బుడగ కూడా లేకుండా నీళ్లు నింపి, చెరో మ్యాన్‌హోల్ దగ్గర ఒక్కొక్కరు చివరను బొటనవేలితో మూసి పట్టుకోవాలి. రెండు చివర్ల నుంచీ బొటనవేలు తీశాక నీళ్లు నిలిచిన చోటు రెండువైపులా ఒకే ఎత్తు. అక్కడి నుంచి మ్యాన్‌హోల్ అడుగున నీళ్లు పారే కాలువ దాకా కర్రతో కొలవాలి. రెండు కొలతల మధ్య తేడాయే ఆ లైను వాలు. దీనికోసం ఎవరూ లోపలికి దిగనక్కర్లేదు.

మా గల్లీలో 5వ మ్యాన్‌హోల్ నుంచి 6కి 20 సెంటీమీటర్లు దిగింది, అది ఫర్వాలేదు. 6 నుంచి 7కి దిగాల్సింది పోయి 9 సెంటీమీటర్లు ఎక్కింది. అంటే సగం పైపు ఎప్పుడూ నిండే ఉంటోంది. తవ్వితే కింద షీట్ రాక్, అంటే పరుచుకున్న ఏకబండ. హైదరాబాద్‌లో చాలాచోట్ల నాలుగడుగులు తవ్వగానే బండ తగులుతుంది. దాన్ని కొట్టడానికి ఖర్చవుతుందని పైపును బండ మీదుగా ఎక్కించి మట్టి కప్పేశారు. అది ఎవరి పనో ఇక్కడ రాయం, ఆ ఉత్తరాలు వేరే నడుస్తున్నాయి.

ఇక్కడే సారు ఇంకో మాట అన్నారు. చివరి చాంబర్ దాకా కొలవకుండా గునపం పట్టుకోవద్దని. ఎక్కిన 9, దిగాల్సిన 21 కలిపి 7వ మ్యాన్‌హోల్ అడుగు 30 సెంటీమీటర్లు దింపితే దాని తర్వాతి లైను వాలు అంత మేర తగ్గిపోతుంది. అదృష్టం బాగుండి 7 నుంచి 8కి 55 సెంటీమీటర్ల దిగుడు ఉంది. 30 తీసేసినా 25 మిగిలింది, సరిపోయింది. ఆ వెసులుబాటు లేకపోతే దిగువ లైనంతా మార్చాల్సి వచ్చేది, లేదా పంపు పెట్టాల్సి వచ్చేది.

రెండో కృతజ్ఞత మేస్త్రీ అన్నకు, బండ కొట్టే బ్రేకర్ మిషన్ నడిపిన తమ్ముడికి. ఇళ్ల గోడలకు పగులు రాకుండా బండను కొంచెం కొంచెంగా కొట్టారు. పైపు అడుగు కంటే 15 సెంటీమీటర్లు ఎక్కువ లోతు తీసి, ఆ మేర ఇసుక పరిచారు. బండ మొనల మీద పైపు నేరుగా కూర్చుంటే లారీ ఎక్కిన రోజున పగులుతుంది. వేసింది 200 మిల్లీమీటర్ల డబుల్ వాల్ కారుగేటెడ్ పైపు (లోపల నున్నగా, బయట ముడతలుగా ఉండేది), బరువుకు తేలిగ్గా నొక్కుకుపోని ఎస్‌ఎన్ 8 రకం. దిగువ నుంచి ఎగువకు, సాకెట్ నోరు (పైపు వెడల్పాటి చివర) ఎగువకు ఉండేలా వేసుకుంటూ వచ్చారు. రబ్బరు రింగుకు గ్రీజు పూయబోయిన కుర్రాడిని ఆపి సబ్బునీళ్లు ఇచ్చాడు మేస్త్రీ అన్న. గ్రీజు రబ్బరును తినేస్తుందట. మట్టి కప్పకముందే ఒక మ్యాన్‌హోల్‌లో టార్చి, రెండోదాంట్లో కర్రకు కట్టిన అద్దం పెట్టి చూపించాడు. గుండ్రంగా వెలుగు కనిపిస్తే లైను తిన్నగా ఉన్నట్టు. నెలవంకలా కనిపిస్తే మధ్యలో కుంగినట్టో, లేచినట్టో. తర్వాత పైపు లోపలి కొలత కంటే 13 మిల్లీమీటర్లు తక్కువున్న నున్నటి బంతిని ఎగువన వదిలాడు. దిగువన దానంతటది బయటికొచ్చాకే బిల్లు అడిగాడు. ఇలాంటి వాళ్లు దొరకడం కష్టం.

మూడో గల్లీ అక్కలకు ప్రత్యేకంగా. వానపడ్డప్పుడే ఎందుకు ఎక్కువ పొంగుతోందో పట్టుకున్నది వాళ్లే. వంటల్లో వేసే రంగును బకెట్ నీళ్లలో కలిపి ఒక్కో డాబా మీది వాన పైపులో పోయించారు. గల్లీ మ్యాన్‌హోల్‌లో ఎర్రనీళ్లు కనిపించిన ఇళ్లన్నీ వాననీటిని మురుగు లైన్లోకి కలిపినవే. ఇది ఎంత ముప్పో లెక్క చూడండి. మనిషికి రోజుకు 135 లీటర్లు వాడకం, అందులో 80 శాతం మురుగు అనుకుంటే నలుగురైదుగురున్న ఒక ఇంటి మురుగు రోజుకు 500 లీటర్లకు అటూఇటూ. 100 చదరపు మీటర్ల డాబా మీద గంటలో 5 సెంటీమీటర్ల వాన పడితే వచ్చేది 5,000 లీటర్లు. పది ఇళ్ల ఒకరోజు మురుగు, ఒక్క డాబా నుంచి, ఒక్క గంటలో! ఆ పైపులను ఇంకుడు గుంతలకు, రోడ్డు పక్క వరద కాలువకు మళ్లిస్తున్నాం. మా మురుగు శుద్ధి ప్లాంటు (ఎస్‌టీపీ) ఆపరేటర్ బాబు కూడా ఇదే చెబుతూ వచ్చాడు. వాన వరదకు ట్యాంకుల్లో మురుగును శుద్ధి చేసే బ్యాక్టీరియా బురదంతా కొట్టుకుపోతోందని, లీటరు జాడీలో అరగంట నిలిపితే 200, 300 మిల్లీలీటర్లు పేరుకోవాల్సిన బురద అడుగున కాస్తే మిగులుతోందని. అతనికీ థాంక్స్.

మినీ జెట్టింగ్ బండితో వచ్చిన జలమండలి (హైదరాబాద్ నీటి, మురుగు బోర్డు) సిబ్బందికి చేతులెత్తి నమస్కారం. ఎగువ, దిగువ మూతలు రెండూ తెరిచి, గాలి ఆడనిచ్చాకే పని మొదలుపెట్టారు. లోపలికి దిగి చూడమని ఒకరిద్దరు అడిగితే కుదరదని మొహం మీదే చెప్పారు. సరిగ్గా చెప్పారు. మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం రక్షణ సామగ్రి లేకుండా మనిషిని మురుగు లైన్లోకి దింపడం నేరం. లోపలి విషవాయువు ఒక్క గుక్కలో ప్రాణం తీయగలదు. ప్రైవేటు వాళ్లను పిలిచి కుర్రాళ్లను దింపించే కాలనీలు ఇంకా ఉన్నాయి, దయచేసి మానండి. జలమండలి ఫిర్యాదుల నంబరు 155313.

వాళ్ల నీటి జెట్ కూడా కదిలించలేనిది ఒకటి దొరికింది: గట్టిపడిన సిమెంటు. ఇంటీరియర్ పనులు చేసే వాళ్లు గ్రౌటు (టైల్స్ సందుల్లో నింపే సిమెంటు ముద్ద), టైల్స్ పాలిష్ చేసిన నీళ్లు బాత్రూంలో పారబోస్తే అవి పైపులో రాయి అవుతాయి. అంత మేర పైపు కోసి కొత్తది వేయడం తప్ప మార్గం లేదు. పని జరుగుతున్న ప్రతి ఇంట్లో ఇకమీదట 200 లీటర్ల డ్రమ్ము ఉండాలి. ఒక రాత్రి తేరనిచ్చి పైనీళ్లు మాత్రమే వదలాలి. అడుగు ముద్ద సిమెంటు సంచిలోకి ఎత్తి డెబ్రిస్ (కట్టడాల చెత్త) బండికి ఇవ్వాలి.

వాసన గురించి అడిగిన వాళ్లకు ప్లంబర్ భాయ్ జవాబు: తాళం వేసిన ఇళ్లలో నహానీ ట్రాపుల్లో (బాత్రూం నేల జాలీ కింద వాసనను ఆపే వంపుల్లో) నిలవాల్సిన రెండంగుళాల నీళ్లు ఎండాకాలంలో ఆవిరైపోతాయి, గ్యాసు నేరుగా ఇంట్లోకి వస్తుంది. ఊరెళ్లేముందు ఒక చెంబుడు నీళ్లు, పైన రెండు చెంచాల వంటనూనె పోయండి. డాబా మీద గ్యాసు బయటికి పోయే వెంట్ పైపు కోసేసి మూత పెట్టిన వాళ్లు మూత తీసి కౌల్ (గాలి ఆడే జాలీ టోపీ) బిగించుకోండి.

తమ గేటు ముందు తవ్వినా, కారు బయటపెట్టుకోవాల్సి వచ్చినా విసుక్కోని 6, 7 మ్యాన్‌హోళ్ల దగ్గరి ఇళ్లవాళ్లకు ఎంత చెప్పినా తక్కువే. అన్ని మ్యాన్‌హోళ్ల కొలతల కాగితం సెక్యూరిటీ గదిలో ఉంది. పక్క కాలనీ వాళ్లు ఫొటో తీసుకోవచ్చు. లెవెల్ పైపు కావాలన్నా ఇస్తాం, వాడాక నీళ్లు తీసేసి చుట్ట చుట్టి ఇవ్వండి.